సారు ఇంట్లో సీసాలు

మందు ముట్టనివాడికి కోయిలకుంట్లలో ఖాళీ సీసాలు సంపాదించడం చాలా కష్టం. తాగేవాడి ఇంట్లో అవి వాటంతటవే పోగవుతాయి. నాలాంటివాడు వీధిలోకి పోయి ఏరుకోవాలి. ఏరుకుంటుంటే ఊరు చూస్తుంది. చూసి ఊరుకోదు. అందులోనూ నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన సారును. 1995 జనవరిలో ఎన్టీఆర్ మద్యనిషేధం తెచ్చినప్పుడు తొమ్మిదో తరగతి పిల్లల చేత అట్టల మీద నినాదాలు రాయించి, బస్టాండు దాకా ఊరేగింపు తీసినవాణ్ణి. ఆ నిషేధం 1997లో సడలిపోయింది. నా పేరు మాత్రం మొన్నమొన్నటిదాకా సడలకుండా నిలబడింది.

రిటైరైన మగవాడికి ఫోనూ, ఖాళీ పెరడూ ఒకేసారి దొరక్కూడదు. ఫోనులో ఎవరో ఒకామె బీరు సీసాను నడుముకు కోసి, అందులో మనీప్లాంట్ పెట్టి, దానికి జనపనార దారం చుట్టి, "పైసా ఖర్చు లేని తోట అలంకరణ" అని నవ్వింది. నాకు ఆ నవ్వు కంటే పైసా ఖర్చు లేదన్న మాటే ఎక్కువ నచ్చింది. మా ఇంటి ముందు నాపరాళ్లు పరిచిన జాగా ఉంది. వేరే ఊళ్లలో డబ్బున్నవాళ్లు ముచ్చటపడి తెప్పించుకునే ఆ బండలను మా వైపు గొడ్ల కొట్టంలోనూ పరుస్తారు. బండలు అయిపోయినచోట నల్లరేగడి నేల, అందులో కనకాంబరాలు, ఒక మందారం, ఒక కరివేపాకు చెట్టు. చాలదా ఒక కళాకారుడికి!

మా ఆవిడకు ముందుగా శాస్త్రం చెప్పాను. గాజంటే మరేం కాదు, ఇసుక, సోడా, సున్నపురాయి కలిపి 1500 డిగ్రీల దగ్గర కరిగించింది. ఆ సున్నపురాయి మన చుట్టుపక్కల ఎక్కడ తవ్వినా ఉంది, కాబట్టి సీసాకు మన సీమ పుట్టిల్లు అవుతుందన్నాను.

"అయితే పుట్టింటికే పంపియ్యండి, మనింటికెందుకు?" అంది.

శాస్త్రం పని చేయలేదని చరిత్రలోకి దిగాను. చండీగఢ్‌లో నేక్‌చంద్ అని ఒక రోడ్ ఇన్‌స్పెక్టర్ ఉండేవాడు. విరిగిన గాజులు, పగిలిన పింగాణీ, పనికిరాని సామాను పోగేసి, 1957 ప్రాంతం నుంచి అడవిలో ఎవరికీ చెప్పకుండా ఒక తోట కట్టుకుంటూ పోయాడు. దాదాపు పద్దెనిమిదేళ్ల తర్వాత గానీ సర్కారు కంట పడలేదు. కూలగొడతారనుకుంటే, 1976లో జనానికి తెరిచి, జీతమిచ్చి, సాయానికి కూలీలనిచ్చి, తర్వాత పద్మశ్రీ కూడా ఇచ్చారు.

"ఆయనకు గవర్నమెంటు మనుషులనిచ్చింది. మీకు ఊడ్చను నేనొక్కదాన్నే గదా" అంది మా ఆవిడ.

థాయ్‌లాండ్ ఎక్కాను. అక్కడ సిసాకెట్ అనే జిల్లాలో బౌద్ధ సన్యాసులు 1984 నుంచి పచ్చవీ, గోధుమరంగువీ బీరు సీసాలు పోగేసి, పది లక్షలకు పైగా సీసాలతో ఏకంగా గుడే కట్టేశారు.

"వాళ్లు సన్యాసులు. అడిగేదానికి పెండ్లాలు ల్యారు."

దాంతో వాదన ముగిసింది. నేనూ నేక్‌చంద్ దారిలో రహస్యంగానే పోవాలని నిశ్చయించుకున్నాను. ఆయన రహస్యం పద్దెనిమిదేళ్లు దాగింది. నాది సాయంత్రం దాకా దాగింది.

1846 జులైలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కోయిలకుంట్ల ఖజానా మీద పడి కుంఫిణీ ప్రభుత్వాన్ని హడలగొట్టాడు. అదే ఊళ్లో ఇన్నేళ్లకు నేను పడ్డ ఖజానా వైన్‌షాపు వెనుక సందు. తెల్లవారుజామున, మంకీ క్యాపు పెట్టుకుని, గోనెసంచితో. మే నెలలో మంకీ క్యాపు పెట్టుకున్నవాణ్ణి ఎవరైనా రెండుసార్లు చూస్తారన్న సంగతి ఫిజికల్ సైన్స్ సారుకు తట్టలేదు. సందు నిండా క్వార్టర్లు, హాఫ్‌లు, బీర్లు. వంగి ఏరుతుంటే వెనుక నుంచి గొంతు వినపడింది.

"సార్! మీరు ఇట్ల వచ్చినారేంది సార్? నాకు ఫోన్ చేసింటే ఇంటికే తెచ్చిచ్చేటోన్ని కద సార్."

నా పాత శిష్యుడు. ఆనాటి ఊరేగింపులో మొదటి అట్ట పట్టుకున్నవాడు.

"ఖాళీవి కావాలిరా," అన్నాను.

వాడు కాసేపు నా మొహం చూశాడు. కళ్లలో జాలి, భక్తి రెండూ ఉన్నాయి. "అర్థమైంది సార్" అన్నాడు.

సంధ్యవేళ ఇంటికొచ్చాడు. నల్ల కవర్లో, పేపరు చుట్టి, ఒక నిండు సీసా. "ఖాళీ చేసి పెట్టుకోండి సార్. ఎవరికీ చెప్పను" అని గొంతు తగ్గించి, నా కాళ్లకు దండం పెట్టి వెళ్లాడు. చెప్పలేదనే అనుకుంటాను. కానీ మరుసటి వారం నుంచి అంగడి దగ్గర నన్ను చూసి ఇద్దరు ముగ్గురు పలకరించే తీరులో కొత్త చనువొకటి వచ్చింది. ఆ నిండు సీసాను మందారం మొదట్లో పోయబోతే మా ఆవిడ అడ్డం వచ్చింది. "ఆ పువ్వులు దేవునికి పెట్టేవి!" కాలవలో పోశాను.

ఇక కోత. బొమ్మ గీసి చెబితే చాలా తేలిక. నూలుదారాన్ని నెయిల్‌పాలిష్ తుడిచే మందులో తడిపి, సీసా నడుముకు చుట్టి, అంటించి, మంట ఆరేలోగా చల్లటి నీళ్లలో ముంచాలి. గాజు వేడిని పక్కకు తొందరగా పంపదు. దారం కాలినచోట ఉబ్బుతుంది, పక్కన ఉబ్బదు. గభాలున చల్లబరిస్తే పైపొర ముడుచుకోవాలని చూస్తుంది, లోపలి పొర ముడుచుకోనీయదు. గాజు నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ లాగితే ఓర్చుకోదు. టక్కున విడిపోతుంది. ఈ పాఠం నేను ఏళ్ల తరబడి బోర్డు మీద చెప్పాను. అయితే బోర్డు మీద కోయిలకుంట్ల ఎండ లేదు. మిద్దె మీది ట్యాంకు నుంచి వచ్చే మే నెల నీళ్లలో అన్నం ఉడుకుతుందేమో గానీ సీసా తెగదు. ముంచితే అది వేణ్నీళ్ల స్నానం చేసినట్టు హాయిగా పైకి తేలింది. ఫ్రిజ్‌లో మజ్జిగకని దాచిన ఐసంతా తెచ్చి బకెట్లో వేశాను. అప్పుడు తెగింది, నడుముకు కాదు, మెడ నుంచి అడుగు దాకా నిలువునా.

ఎందుకో ఆలోచిస్తుంటే మా ఆవిడ ఐసు వెతుక్కుంటూ వచ్చింది. శాస్త్రమంతా మళ్లీ వివరించాను. ఓపిగ్గా విని, "కాగిన నెయ్యి గాజు సీసాలో పోసేటప్పుడు ముందర గరిటె యేస్తాం, పగలకుండ. మీరు బళ్లో చెప్పింది ఇదేనా?" అంది. అదే. నేను దానికి ఒక పీరియడ్ తీసుకునేవాణ్ణి.

పగులు మనం చెప్పినచోట మొదలవ్వాలంటే ముందుగా అక్కడ ఒక గీత పడాలట. లేకపోతే సీసాలో ఎక్కడ సన్నటి లోపముందో అక్కడికే పోతుంది. గీత పెట్టడానికి గాజు కోసే కట్టర్ కావాలి. అంచులు నున్నగా చేయడానికి ఉప్పుకాగితం. తూట్లకు వజ్రపు పొడి పూసిన డ్రిల్ ముక్క. అతికించడానికి రెండు ట్యూబుల జిగురు. రంగులు, బ్రష్షులు, లోపల వెలిగే చిన్న లైట్ల దండలు. పైసా ఖర్చు లేని అలంకరణ కోసం నంద్యాలకు బస్సెక్కాను. బిల్లు చూసి మా ఆవిడ లెక్కంతా బనగానపల్లె మామిడిపండ్లలోకి మార్చి చెప్పింది. గంపల్లో చెప్పింది.

గాజు అంచులను పొడిగా రుద్దితే ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది కాబట్టి నీళ్లు పోసుకుంటూ రుద్దాలి. నాకు ఆ మాత్రం తెలుసు. తెలియంది, దానికి బట్టలుతికే బండ వాడకూడదని. ఆ వారం ఉతికిన చీర గురించి ఇక్కడ రాయను. అది ఇప్పటికీ తీర్పు రాని కేసు.

కోత రానివాడికి దేవుడు ఇంకో దారి ఇచ్చాడు: సీసాలను తలకిందులుగా నేలలో పాతి, పాదుల చుట్టూ అంచు కట్టడం. దీనికి ఐసు అక్కర్లేదు. పచ్చవీ, గోధుమవీ వరసగా నాటి, ఎండ పడితే మెరుస్తుంటే ఊరి నుంచి బంధువులను పిలిచి చూపించాను కూడా. కానీ రేగడి నేల సంగతి మా తాతకు తెలిసినంత నాకు తెలియదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. ఆ బీటల్లో చెయ్యి దూరుతుంది, చెయ్యి దూరేచోట సీసా ఒరగదా? జూన్ చినుకులు పడి నేల కదిలేసరికి నా వరస ప్రార్థన గంటలో తొమ్మిది-బి సెక్షన్ లాగా తయారైంది. ఒకటి ముందుకు వంగి, ఒకటి పక్కదాని భుజం మీద వాలి, ఒకటి మొత్తానికే గైర్హాజరు. నీళ్లు నింపిన సీసాను మూతి కిందికి పెట్టి పాతితే చుక్కచుక్కగా మొక్క తాగుతుందని విని అదీ చేశాను. ఇసుక నేలలో తాగుతుందేమో. మా రేగడి మూతికి బిరడా కొట్టింది. నిండుగా పాతిన సీసా నిండుగానే ఉండి, నా మీద పుకార్లకు సాక్ష్యమైంది.

మిగిలినవాటిలో నీలిమందు నీళ్లు పోసి వరండాకు కట్టాను. అమెరికా దక్షిణాది పల్లెల్లో చెట్టు కొమ్మలకు నీలం సీసాలు తొడుగుతారు. దయ్యాలు అందులో దూరి చిక్కుకుంటాయని నల్లజాతి వాళ్ల పాత నమ్మకం. నేను అలంకారమనుకుని కట్టాను. మా వీధి మాత్రం చూసిన వెంటనే, "సారు గూడా కుక్కలకు కట్టినాడు" అని తేల్చేసింది. మనవైపు గుమ్మాల ముందు ఎర్రనీళ్లో నీలినీళ్లో పోసిన సీసాలు పెట్టేది కుక్కలు అక్కడ కాలెత్తకూడదనే కదా. కుక్కలకు ఆ విషయం ఎవరూ చెప్పినట్టు లేదు. వీధి కుక్క ఒకటి నా కళాఖండం కిందే చల్లగా పడుకోవడం మొదలుపెట్టింది. లేచి వెళ్లేటప్పుడు కాలెత్తే వెళ్తుంది.

ఇదంతా మంచం మీద నుంచి చూసి మా అమ్మ నవ్వుతుంది. ఆమె కాలంలో ఖాళీ సీసాకు ఇంట్లో తీరిక ఉండేది కాదు. మందు సీసా మూతకు తూటు పొడిచి, గుడ్డపీలిక దూరిస్తే కిరసనాయిలు బుడ్డి. కొంచెం పెద్దదైతే నువ్వుల నూనెకు. ఇంకా మిగిలితే పాత సామాన్ల మనిషికి ఇచ్చి ఎర్రగడ్డలు తీసుకునేది. ఆ ఎర్రగడ్డల్లో కొన్ని మేము ఐసుపుల్లలుగా మార్చుకునేవాళ్లం, ఆమెకు తెలియకుండా. మేం పిల్లలం సీసాను పగలగొట్టేది గోలీ కోసం ఒక్కటే. 1872లో ఇంగ్లండులో హిరమ్ కాడ్ అనే ఇంజనీరు గ్యాసు పోకుండా గోలీతో మూసుకునే సోడా సీసాకు పేటెంటు తీసుకున్నాడు. ఆయన అంత ఆలోచించి మెడలో ఇరికించిన గోలీని మేము ఒక్క రాయి దెబ్బతో బయటికి తీసేవాళ్లం. సోడా అంగడాయన వెంటపడేవాడు. "అప్పుడు గోలీ అన్నా వచ్చేది నాయనా. ఇప్పుడేమొచ్చె?" అంటుంది అమ్మ.

ఏమొచ్చిందో పాత సామాన్ల అబ్బి వచ్చినప్పుడు తెలిసింది. మా ఆవిడే పిలిచింది. కోయని బీరు సీసాలను తిప్పి చూసి, మూతులు వేలితో తడిమి, లెక్కబెట్టి డబ్బులిచ్చాడు. కోసినవీ, రంగు వేసినవీ పక్కకు నెట్టాడు.

"ఇవి?" అన్నాను. వాటిలో ఒకదాని మీద కుందూ నది ఒడ్డున సూర్యాస్తమయం వేసి ఉంది.

"ఎవురు సార్ ఇట్ల చేసింది?" అన్నాడు. నేను ఆకాశం వైపు చూశాను. "కోయని సీసా అయితే కంపెనీకి పోతాది సార్. కడుగుతారు, మల్లా నింపుతారు, మల్లా మా చేతికే వస్తాది. కోస్తే అది పెంకు. తూకానికి పోతాది. రంగూ జిగురూ అంటుకుంటే పెంకుకు గూడా రాదు సార్, కొలిమిలో చెడగొడతాది."

వాడు చెప్పింది ప్రతి అక్షరం నిజం. సీసా చేసే కొలిమిలో పాత పెంకు పది శాతం పెంచితే ఇంధనం రెండున్నర, మూడు శాతం మిగులుతుంది. అయితే రంగు రంగుకూ వేరు చేసిన, శుభ్రమైన పెంకు కావాలి. అసలు కరిగించకుండానే కడిగి మళ్లీ నింపుకుంటే ఇంకా మేలు. అంటే వైన్‌షాపు వెనుక సందులో ఏ సారూ వేలు పెట్టకపోతే ఆ సీసాలు వాటి పని అవి చేసుకుంటూ తిరుగుతూనే ఉండేవి. వాటిని పర్యావరణం పేరుతో పట్టుకొచ్చి, కోసి, సూర్యాస్తమయం వేసి, వాటి తిరుగుడుకు అస్తమయం తెచ్చినవాణ్ణి నేను. ఈ మాట మా ఆవిడతో అనలేదు. అబ్బి చెబుతుండగా ఆమె వింటూనే ఉంది, నా అవసరం రాలేదు.

ఎందుకూ కొరగానివాటిలో కాస్త బాగున్నవి, ఎప్పటికైనా అతికించవచ్చన్న ఆశతో ఒక సంచిలో కట్టి మంచం కిందికి తోసేశాను. ఆమె చూడలేదు. మిగతావి పెరట్లో కుప్పగా పడి ఉంటే, పక్కింటికి ప్రహరీ కడుతున్న మేస్త్రి గోడ మీంచి తొంగి చూశాడు.

"పెంకులుండాయి గదా సార్, ఇస్తారా? గోడ మీద పెట్టల్ల."

సుత్తి తీసుకుని, నేను ఐసు పెట్టి సాధించలేనిదాన్ని రెండు దెబ్బల్లో సాధించాడు. తడి సిమెంటులో ఒక్కొక్క పెంకూ కొన పైకి పెట్టి గుచ్చుకుంటూ పోయాడు. పచ్చదాని పక్కన గోధుమది, రెంటి నడుమ నేను రంగేసిన ముక్క. "ఈ ఎర్రది ఈడ పెడితే బాగుంటాది సార్" అని తలవంచి చూసుకుని, జరిపి పెట్టాడు. మనిషికి మంచి కన్నుంది. జిగురు లేదు, లైట్ల దండ లేదు, నంద్యాల బస్సు లేదు. ఎండకు మెరిసింది, దొంగకు గుచ్చుకుంటుంది. సాయంత్రానికి ఒక పిల్లి వాటి మధ్య కాలు పెట్టుకుంటూ ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచిపోయింది గానీ, దాని గురించి మేస్త్రి ఏమీ అనలేదు.

"ఇంకా అంత గోడ మిగిలింది సార్. ఏమన్నా ఉండాయా?"

"లేవయ్యా, అయిపోయినాయి," అన్నాను.

"ఉండాయి, ఉండాయి," అని లోపలి నుంచి మా ఆవిడ గొంతు. "మంచం కింద ఒక సంచి ఉంది. సారు మర్చిపోయినట్టుండాడు. వచ్చి ఎత్తుకపో నాయనా."