నా అడుగున ఆయన పొడి అక్షరాలు

నేను కొయ్యతో చేసిన కానుకల పళ్ళేన్ని. అమెరికాలో జార్జియా రాష్ట్రానికి నైరుతి వైపున ప్లెయిన్స్ అని వెయ్యి మంది కూడా లేని ఊరుంది. చుట్టూ వేరుశనగ చేలు, పత్తి చేలు. ఊరి అంచున మరనాత బాప్టిస్టు చర్చి. ఆదివారం ఆరాధనలో వరస వెంట వరస చేతులు మారుతూ తిరగడం నా పరిచర్య. నన్ను బోర్లా తిప్పి చూస్తే అడుగున జె.సి. అని రెండు పొడి అక్షరాలు కనిపిస్తాయి. నన్ను లేతు మిషన్ మీద తిప్పి చెక్కిన జిమ్మీ కార్టర్ గారి గుర్తు అది. లోపల గోడకున్న సిలువ కూడా ఆయన చేసిందే.

ఆయన ఈ దేశానికి 39వ అధ్యక్షుడు. 1977 నుంచి 1981 దాకా ఆ పదవిలో ఉన్నారు. నన్నడిగితే ఆయన బతికిన వందేళ్ళలో ఆ నాలుగేళ్ళూ వందెకరాల పొలంలో నాలుగెకరాల చెక్క. మిగతా తొంభై ఆరెకరాల సంగతి చెప్పాలని నా ఆరాటం.

ఎన్నికల్లో ఓడి ఇల్లు చేరేసరికి ఆయనకు 56 ఏళ్ళు. ఇతరుల చేతిలో పెట్టి వెళ్ళిన వేరుశనగ గోదాముల వ్యాపారం పది లక్షల డాలర్ల అప్పులో ఉంది. శ్వేతసౌధం నుంచి సెలవు తీసుకునేటప్పుడు ఆయనతో పనిచేసినవాళ్ళంతా కలిసి వడ్రంగి పనిముట్లు కానుకగా ఇచ్చారు. ఇంటి గ్యారేజీ వర్క్‌షాపు అయింది. కుర్చీలు, మంచాలు, మనవల కోసం ఉయ్యాలలు, నేను, నా తోటి పళ్ళేలు అన్నీ అక్కణ్ణుంచి వచ్చినవే. పని వచ్చిన చెయ్యి కొయ్యకు తెలుస్తుంది. ఎక్కడ ఉలి నొక్కాలో, ఎక్కడ తేలిగ్గా వదలాలో ఆయనకు ఎరికే. నునుపు చేయడానికి తొందరపడే మనిషి కాడు.

ఆ చేతులకు పని ఎక్కడ అబ్బిందో ఆయన సండే స్కూల్లో చెబుతుంటే విన్నాను. ఆయన 1924 అక్టోబరు 1న ప్లెయిన్స్ ఆసుపత్రిలో పుట్టారు. తల్లి లిలియన్ అక్కడే నర్సు. నాలుగేళ్ళ వయసులో కుటుంబం ఊరికి మూడు మైళ్ళ దూరాన ఆర్చరీ అనే పల్లెలో పొలానికి మారింది. కిరసనాయిలు దీపాలు, చేతిపంపు నీళ్ళు, ఇంటి వెనక దొడ్డి. తెల్లవారక ముందే పొలం గంట మోగేది. ఆ గంటతో నల్లవాళ్ళూ, తెల్లవాళ్ళూ, పిల్లలూ అందరూ లేవాల్సిందే. పత్తికి కాయతొలుచు పురుగు పడితే బెల్లపు పాకంలాంటి మొలాసెస్‌లో ఆర్సెనిక్ విషం కలిపి, గుడ్డ కట్టిన కర్రతో మొక్క మొక్కకీ పూయడం పిల్లల పని. ఆ జిగురు పంట్లాము కాళ్ళకు పట్టి బిరుసెక్కేదట. ఎన్నేళ్ళు గడిచినా ఆ పని తలుచుకుంటే ఆయన ముఖం చిట్లించేవారు. అయిదేళ్ళ వయసు నుంచే చేలో పచ్చి శనక్కాయలు పీకి, కడిగి, ఉప్పు నీళ్ళలో ఉడకబెట్టి, కాగితపు పొట్లాలు కట్టి ప్లెయిన్స్ వీధుల్లో పొట్లం అయిదు సెంట్లకు అమ్మేవారు. అనంతపురం వైపు శనక్కాయ పండించే రైతుకు ఆ రుచి వేరే చెప్పనక్కర్లేదు. 1935లో తండ్రి ఎర్ల్ గాలిమర వేయించాక ఇంట్లోకి నీళ్ళు వచ్చాయి. కరెంటు వచ్చింది 1938లో. ఆ రాత్రి వెలిగిన దీపం గురించి ఆయన వృద్ధాప్యంలో కూడా పిల్లాడిలా చెప్పేవారు.

తల్లిదండ్రులు ఊళ్ళో లేనప్పుడు ఆయన పడుకున్నది పొలంలో పనిచేసే నల్లజాతి దంపతులు జాక్, రేచల్ క్లార్క్‌ల ఇంట్లో. వాగులో చేపలు పట్టడం, నేలనీ చెట్టునీ దేవుడిచ్చిన సొత్తుగా చూసుకోవడం రేచల్ దగ్గర నేర్చుకున్నానని చెప్పేవారు. ఆట పాటల్లో ఆయన నేస్తాలంతా నల్లపిల్లలే. కానీ బడి వేరు, చర్చి వేరు. ఆ వేరుతనం మామూలేననుకుని పెరిగిన మనిషి, పెద్దయ్యాక దాన్ని భరించలేకపోయారు.

1946లో నావికా అకాడమీ చదువు ముగించి, జూలై 7న ఊళ్ళోని మెథడిస్టు చర్చిలో రోజలిన్ గారిని పెళ్ళాడారు. రోజలిన్ పుట్టినప్పుడు పురిటి సాయం లిలియన్ గారిదే. మూణ్ణాలుగు రోజులకే మూడేళ్ళ జిమ్మీని తీసుకెళ్ళి ఆ పసిదాన్ని చూపించారట. ఆయన జలాంతర్గాముల్లో ఎదిగి వస్తున్న అధికారి. 1953లో తండ్రికి క్యాన్సర్ ముదిరింది. మంచం పక్కన కూర్చున్న కొడుకు కళ్ళముందు ఊరు ఊరంతా వచ్చిపోయింది. ఎవరెవరి అప్పులు మాఫీ చేశాడో, ఏ పిల్లకు చదువు ముగింపు పండక్కి గౌను కొనిచ్చాడో, తండ్రి నోట ఎన్నడూ రాని సంగతులన్నీ వచ్చినవాళ్ళు చెప్పారు. తాను నేవీలో ఎంత ఎత్తుకెదిగినా ఇంతమందికి అక్కరకు రాలేనని ఆయనకు తోచింది. భార్యనైనా అడక్కుండా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు. కారులో ఊరికి వస్తున్నంతసేపూ రోజలిన్ గారు మాట్లాడలేదు. అడగకపోవడం తన తప్పేనని ఆయన తర్వాత చాలాసార్లు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు కరవు. చేతికి దాదాపు ఏమీ మిగలలేదు. కుటుంబం ప్రభుత్వ గృహాల్లో అద్దెకుంది. రోజలిన్ గారు లెక్కల పుస్తకాలు తీసుకుని గోదాం నడపడం మొదలుపెట్టాక వ్యాపారం నిలబడింది. ఆ తర్వాత వాళ్ళు అన్నింటిలోనూ సగం సగమే.

తెల్లవాళ్ళ ఆధిపత్యం కోసం పుట్టిన సిటిజన్స్ కౌన్సిల్‌లో ఊళ్ళో పెద్దమనుషులంతా చేరారు. అయిదు డాలర్ల చందా తామే కడతామని ఆయన్ని బతిమాలారు. ఆయన చేరలేదు. దాంతో ఆయన గోదాం గడప తొక్కొద్దని కట్టడి పెట్టారు. 1965లో ఊళ్ళోని పాత బాప్టిస్టు చర్చిలో నల్లవాళ్ళను రానివ్వకూడదని తీర్మానం పెడితే, అడ్డం నిలిచింది ఆయన కుటుంబం, మరొక్క మనిషి. ఆ తగువు చల్లారలేదు. 1977లో ఆ చర్చి చీలి, ఎవరైనా రావచ్చంటూ మా మరనాత సంఘం ఏర్పడింది. అంటే నా పుట్టుకకు కొయ్య ఎంత అవసరమో ఆ తగువూ అంత అవసరమైంది. తిరిగొచ్చిన కార్టర్ దంపతులు 1981లో ఈ సంఘంలో చేరారు. ఆయన లాన్ కోసేవారు, రోజలిన్ గారు మరుగుదొడ్లు కడిగేవారు. వంతు వచ్చినప్పుడు అందరూ చేసే పనే అది.

సండే స్కూలు ఆయన పద్దెనిమిదో ఏట నుంచి చెబుతూ వచ్చిన పాఠం. మా చర్చిలో ఆయన పాఠం ఉన్న ఆదివారాల్లో తెల్లారకముందే బయట కార్లు బారులు తీరేవి. ఆయన నడిచొచ్చి ముందుగా, మీరంతా ఎక్కడెక్కణ్ణుంచి వచ్చారని అడిగేవారు. ఇండియా అని ఎవరైనా అంటే ఆ ముఖంలో వెలుగు నాకు బాగా గుర్తు. ఆయన తల్లి 68 ఏళ్ళ వయసులో పీస్ కోర్ అనే సేవాదళంలో చేరి బొంబాయి దగ్గర విఖ్రోలీలో నర్సుగా పనిచేసింది మరి. పాఠంలో బైబిలు వాక్యం పక్కనే ఆ వారం వార్తలు ఉండేవి. శత్రువుని ప్రేమించమన్న మాట వస్తే 1978 సెప్టెంబరులో క్యాంప్ డేవిడ్‌లో పదమూడు రోజులు ఈజిప్టు సాదత్‌నీ ఇజ్రాయెల్ బెగిన్‌నీ శాంతికి ఒప్పించిన కథ చెప్పేవారు. చివరి రోజు అంతా చెదిరిపోతుంటే, ఈయన బెగిన్ మనవలకివ్వడానికి ఒక్కొక్క ఫొటో మీద ఒక్కొక్క బిడ్డ పేరు రాసి తీసుకెళ్ళారు. ఆ పేర్లు చదువుతూ బెగిన్ కంట తడిపెట్టారు. దేశాల లెక్కల్లో అందని మెత్తదనం తాతల మధ్య అందింది. ఆయన చెప్పిన కథల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

ఆడవాళ్ళు భర్తకు లోబడాలనీ, పాస్టర్లు కాకూడదనీ సదరన్ బాప్టిస్టు కన్వెన్షన్ ప్రకటించాక, 2000లో ఆయన దానితో దశాబ్దాల బంధాన్ని తెంచుకున్నారు. మా చర్చిలో రోజలిన్ గారు కూడా డీకన్ అయ్యారు. ఇంట్లో ఇద్దరూ రాత్రి పడుకునేముందు ఒకరికొకరు బైబిలు చదివి వినిపించుకునేవారు, భాష అలవాటు పోకుండా స్పానిష్‌లో. 1984 నుంచి ఏడాదికో వారం ఇద్దరూ సుత్తి పట్టుకుని పేదలకు ఇళ్ళు కట్టే పనికి వెళ్ళారు. తోటివాళ్ళతో కలిసి లేపిన ఇళ్ళు నాలుగు వేలకు పైచిలుకు. 2019లో 95 ఏళ్ళ వయసులో పడి కన్ను కమిలి, నుదుట కుట్లు పడ్డా మర్నాడే నాష్‌విల్‌లో ఇంటి పనికి వచ్చేశారు.

2015 ఆగస్టులో క్యాన్సర్ మెదడుకు చేరిందని తెలిసింది. ఆ ఆదివారమే పాఠం చెప్పారు. చర్చిలో చోటు చాలనివాళ్ళ కోసం పాత బడిలో మళ్ళీ చెప్పారు. అవే రోజుల్లో తన కోరిక ఒకటి బయటపెట్టారు: తనకంటే ముందు ఆఖరి నారిపురుగు చచ్చిపోవాలని. చెరువు నీళ్ళు తాగినవాళ్ళ కాలి చర్మం చీల్చుకుని గజం దాకా పొడవున బయటికొచ్చే పురుగది. రాయలసీమ, తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్ళకు నారికురుపుగా గుర్తుండే ఉంటుంది. మందు లేదు, టీకా లేదు. నీళ్ళు గుడ్డలో వడకట్టి తాగడం, కురుపున్న కాలు చెరువులో పెట్టకుండా చూడటం, ఇంతే ఉపాయం. ఆయన స్థాపించిన కార్టర్ సెంటర్ 1986లో ఆ పని చేపట్టేనాటికి ఏడాదికి 35 లక్షల మందికి సోకుతుండేది. ఇండియా ఆ పీడ వదిలించుకున్నట్లు 2000లో ధ్రువపత్రం అందుకుంది.

2023 ఫిబ్రవరిలో ఆసుపత్రులు చాలనుకుని ఆయన ఇంటికి వచ్చేశారు. నవంబరులో రోజలిన్ గారు వెళ్ళిపోయారు. 77 ఏళ్ళ కాపురం. మా చర్చిలో జరిగిన ఆరాధనకు ఆయన్ని చక్రాల కుర్చీలో తెచ్చారు. 2024 అక్టోబరులో వందేళ్ళు నిండాయి, ఓటు కూడా వేశారు. డిసెంబరు 29, ఆదివారం, తన ఇంట్లోనే కన్నుమూశారు. జనవరి 4న ఊరేగింపు ఆర్చరీ పొలం ముందు ఆగినప్పుడు ఆ పాత గంట 39 సార్లు మోగించారు. 9న రాజధానిలో దేశమంతా సాగనంపింది. అక్కడ మనవడు జాసన్ మాట్లాడుతూ, తాతయ్య వంటింట్లో సింకు పక్కన ప్లాస్టిక్ సంచులు కడిగి ఆరేసుకునేవారని చెప్పాడు. ఆ సాయంత్రం మా చర్చిలో ఆరాధన అయ్యాక, 1961లో కట్టుకున్న ఆ ఇంటి చెరువు గట్టున రోజలిన్ గారి పక్కనే సమాధి చేశారు.

నారిపురుగు ఇంకా చావలేదు. 2024లో 15 మందికి సోకింది, అదీ చాద్, దక్షిణ సూడాన్ దేశాల్లో. వడపోత గుడ్డలు పట్టుకుని ఆ ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు.