‘వ్యక్తిగత కారణాల వల్ల’

పదిహేనేళ్ల సర్వీసున్న ఇంజనీరును బెంగళూరులో ఎవరూ ఉద్యోగంలోంచి తీసెయ్యరు. అంత మోటు పని ఇక్కడ చెయ్యరు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన అద్దాల గదిలో హెచ్ఆర్ అమ్మాయి మంచినీళ్లిచ్చి మరీ చెబుతుంది: “మేం తీసెయ్యడం లేదు సార్, మీరే మానేస్తున్నారు.” సాయంత్రంలోగా మెయిలు కొడితే రిలీవింగ్ లెటరు శుభ్రంగా వస్తుంది. కొట్టకపోతే ‘టెర్మినేటెడ్’ ముద్ర పడుతుంది, ఆపైన ఏ కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లోనైనా అది తేలుతుంది. ఇంటి ఈఎంఐ గుర్తొచ్చి ఆయన టైపు చేస్తాడు: ‘వ్యక్తిగత కారణాల వల్ల’. కారణం చూపాల్సింది యజమాని, రాసిచ్చింది నౌకరు!

ఇంత మర్యాద ఊరికే రాలేదు. తీసేశామని ఒప్పుకుంటే ఛార్జిషీటేదీ, ఎంక్వైరీ ఏదీ, సాక్ష్యమేదీ అంటుంది లేబర్ కోర్టు. శిక్ష నేరానికి మించితే కొట్టేసి, మళ్లీ కొలువులో పెట్టమనే అధికారాన్ని 1971లోనే పారిశ్రామిక వివాదాల చట్టంలోని 11ఏ సెక్షన్ దానికి ఇచ్చింది. ఈ ఊరి నీళ్ల బోర్డుకు తన ఉద్యోగులతో వచ్చిన తగాదాలోనే 1978లో సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ ఆ చట్టంలోని ‘పరిశ్రమ’ అర్థాన్ని ఆస్పత్రుల దాకా, బడుల దాకా విస్తరించారు. కావేరి నీళ్లు పంచేవాళ్లకు ఆ చట్టం వర్తించింది. కోడు రాయించేవాళ్ల దగ్గరికొచ్చేసరికి ప్రభుత్వం తడబడింది. ఏది తప్పో, దానికి ఏ శిక్షో ముందే రాసిపెట్టమనే స్టాండింగ్ ఆర్డర్స్ చట్టం నుంచి కర్ణాటక 2014లో ఐటీకి అయిదేళ్ల మినహాయింపిచ్చింది. 2019లో మళ్లీ. 2024లో ఇంకోసారి. ఎన్నేళ్లొచ్చినా పాలు మాన్పించని గారాల బిడ్డ!

షరతు ఒకటుందిలెండి. సస్పెన్షన్, డిస్మిసల్ వంటివేవైనా జరిగితే కార్మిక శాఖకు తెలియజెయ్యాలి. అందుకే ఏవీ జరగవు. రాజీనామాలే జరుగుతాయి. బన్నేరుఘట్ట రోడ్డులోని కార్మిక భవనంలో ఫైళ్లు కడిగిన ముత్యాల్లా ఉంటాయి.

ధైర్యం చేసి ఎవరైనా 2017లో పుట్టిన ఐటీ ఉద్యోగుల సంఘం ‘కిటు’ను వెంటబెట్టుకుని వెళ్తే, యాజమాన్యం లాయరు రెండో అస్త్రం తీస్తాడు: “అసలీయన కార్మికుడేనా? నలుగురి లీవులు అప్రూవ్ చేస్తాడు, హోదాలో ‘మేనేజర్’ అనుంది.” 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడు ప్రకారమైతే, నెలకు 18 వేలు దాటిన సూపర్‌వైజరు కూడా కార్మికుడు కాడు. ఆమాత్రం జీతం ఫ్రెషర్‌కే వస్తుంది కదా! జీతం పెంచమని అడిగిన ఏడాది పైసా పెంచకుండా ‘మేనేజర్’ అని పిలిచినప్పుడు, పాపం, ఆయన ఆఫీసంతా స్వీట్లు పంచాడు.