విడిచిన తొడుగే నా ఆనవాలు

మా అమ్మ కొబ్బరాకు అడుగున గుండ్రంగా తిరుగుతూ గుడ్లు పెట్టింది. తిరిగిన దారంతా తెల్లటి మైనం రాలింది. చుట్లు చుట్లుగా వేసిన ఆ ముగ్గులోనే నా పుట్టుక. ఊరు అత్తిబెలె, హోసూరు రోడ్డు తమిళనాడులోకి దాటబోయే చోటు. పెరట్లో ఒక కొబ్బరి చెట్టు, దాని కింద అరటి, జామ. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, సరిహద్దు గేటు దాటితే అరవం. మాలాంటి వలసజీవులకు అచ్చొచ్చే చోటే.

గుడ్డులోంచి వచ్చాక కాస్త దూరం నడిచాను. ఆకులో నోటి సూది దించి కూర్చున్నాక, రెక్కలొచ్చేదాకా ఇక కదిలింది లేదు. రసం పీల్చడం, తియ్యటి జిగురు వదలడం, అదే పని. ఆ జిగురు అరటాకుల మీద పడి నల్లటి బూజు పట్టింది. అవ్వ కన్ను అక్కడ పడింది.

"ఏందిరా అబ్బీ ఇది? ఆకు అన్నానికి పనికిరాకుండా పోయె."

పక్కింటాయన తలెత్తి చూసి బూడిద తెగులన్నాడు. ఎదురింటాయన పిండినల్లి అన్నాడు. మందు కొట్టాలన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. పేరు తెలియకపోయినా మందు తెలిసిపోతుంది మనుషులకు!

అవ్వ మనవడు బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం, జీకేవీకేలో చదువుతున్నాడు. దోటీతో కింది మట్ట కోసి భూతద్దం పెట్టాడు. రెండున్నర మిల్లీమీటర్ల ఒళ్లు నాది, మామూలు తెల్లదోమకు దాదాపు మూడింతలు. రెక్కల మీద లేత గోధుమరంగు చారలు. కదిలించినా చప్పున ఎగరను, ఒళ్లు బద్ధకం. అయినా నన్ను చూసి అతను తేల్చలేదు. మా దాయాది ఒకటి 1990ల్లోనే కేరళలో దిగింది, అదీ ఇలాగే చుట్లుగా గుడ్లు పెడుతుంది. రెక్కల పురుగును చూసి మమ్మల్ని వేరుచేయడం కష్టం. మా కులంలో ఇదో విడ్డూరం. ఎగిరే ఒంటికి విలువ లేదు. చివరి పిల్లదశలో ఉండి, విడిచేసి వచ్చిన తొడుగునే పండితులు చూస్తారు.

సూదిమొనతో నా తొడుగు లేపాడు. మైనం కడిగి, కాస్టిక్ పొటాష్‌లో ఉంచి రంగు తీసి, గాజుపలక మీద పరిచి మైక్రోస్కోపు కింద పెట్టాడు. తొడుగు వెనకవైపు రంధ్రం మీద చిన్న మూత ఉంటుంది. నా మూత ముడతలు ముడతలు. అంతే, పోల్చేశాడు: అలూరోడైకస్ రుగియోపెర్క్యులేటస్. మధ్య అమెరికాలోని బెలీజ్‌లో మమ్మల్ని చూసి 2004లో మార్టిన్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరు. ఈ దేశంలో 2016లో పొల్లాచ్చి కొబ్బరి మీద బయటపడ్డాం. తర్వాత కడియం నర్సరీలు, కోనసీమ తోటలు. మొక్కల లారీలెక్కితే దూరమెంత!

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. మేం బయటికొచ్చిన తొడుగు ఇంగ్లీషు టీ అక్షరంలా చీలి ఉంటుంది. అదే ఆకు మీద కొన్ని తొడుగులకు చీలిక లేదు, గుండ్రటి కంత ఉంది. అది ఎన్‌కార్సియా గ్వాడెలూపే పని. మాకంటే ఎంతో చిన్న కందిరీగ. మా పిల్లల్లో గుడ్డు పెడుతుంది. దాని పిల్ల లోపల్లోపలే తిని పెరిగి, కంత చేసుకొని వెళ్లిపోతుంది. చీలికలెన్ని, కంతలెన్ని అని ఆకంతా చూశాడు కుర్రాడు.

"అవ్వా, మందొద్దు. కొడితే ముందు చచ్చేది ఈ కందిరీగలే. పైపుతో నీళ్లు జోరుగా కొడదాం."

"మరి అరిటాకు?"

"కడుక్కుంటే సరి."

నాకు మింగుడుపడని తీర్పు ఇది. పక్కింటాయన మాట విని ఉంటే కందిరీగల పీడ పోయేది. అంత ఎత్తు చెట్టుకు మందు సగమైనా అందదు. ఆకుల అడుగున, మైనం చాటున, మా పిల్లలు దర్జాగా బతికేవాళ్లు.