జలనేతి కొమ్ముచెంబు ఆత్మకథ

తణుకు ప్రాంతమున ఇత్తడిపనికి పేరుగాంచిన అజ్జరమను గ్రామమున, కంచరి కొలిమియెదుట, సన్నని కొమ్ముతోను అరలీటరు నీరు పట్టు కడుపుతోను నేను రూపుదాల్చితిని. ఉప్పునీరు ఇత్తడిని తినివేయును గనుక, లోపల కళాయి పూయించిన పిదపనే నా యజమానియగు తెలుగు పండితులవారు నన్ను వాడుకలోనికి దెచ్చిరి. వారికి పీనసము చిరకాల పరిచితము. మంచు పడుట మొదలైనంతనే కనుబొమల నడుమ బరువు, చెక్కిళ్లలో సలుపు, పుస్తకముపైకి వంగినచో తల పగులునట్టి పోటు. పద్యము చదువబోగా మకారము బకారముగను, నకారము దకారముగను వినబడుచుండెను. ఉచ్చారణమే ప్రాణముగా బ్రదికిన మనిషికి అంతకు మించిన వేదన యేముండును!

నా కొలువు తెల్లవాఱుజామున. మరిగించి గోరువెచ్చగా చల్లార్చిన నీట, లీటరునకు 9 గ్రాముల చొప్పున ఉప్పు కలిపినయెడల, ఆ లవణత మన రక్తపు లవణతకు సాటియగుటచే మంట పుట్టదు. పండితులవారు తొట్టిపై వంగి, తల ప్రక్కకు వాల్చి, నోటితో శ్వాసించుచు, పైనున్న నాసారంధ్రమున నా కొమ్ము నానించెడివారు. క్షణకాలము నీరు లోపల తడబడి, పిదప ముక్కు వెనుకనుండి చుట్టివచ్చి, క్రింది రంధ్రమునుండి తొలుత చుక్కలుగాను, అటుపై తీగసాగు శ్లేష్మమును వెంటబెట్టుకొని ధారగాను జారెడిది. హఠయోగప్రదీపిక షట్కర్మలలో పేర్కొన్న నేతి దారముతో జేయునది, నాది జలనేతి.

నీరు మరిగించుటయందు మాత్రము ఏమరుపాటు పనికిరాదు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రమున కుళాయినీటితో ఈ క్రియ సల్పిన ఇద్దరు, నేగ్లేరియా ఫౌలెరి యను అమీబా ముక్కుదారిని మెదడు జేరుటచే మరణించిరి. కడుపునకు హాని చేయని నీరు ముక్కునకు ప్రాణాంతకము కావచ్చును.

ఇంత చేసినను నా ధార చేరలేని చోటొకటి కలదు. శ్లేష్మమును కడుగగలను గాని, వాచిన పొరలో ఊరి నిలిచిన ద్రవమును తోడలేను. ఈ సంగతి నాకు దెలిసినది పండితులవారి కుమార్తె వలన. ఫిజియోథెరపిస్టుగా పనిచేయుచున్న ఆమె సంక్రాంతికి పుట్టింటికి వచ్చి, తండ్రి మెడను తడిమిచూచి, "నాన్నగారూ, ముక్కు కడుగుకున్నంత మాత్రాన చాలదండీ, మెడలో దారి కూడా తెరవాలి" అనెను. కణజాలమున మిగిలిన ద్రవము శోషరసమై సన్నని నాళములలో ప్రవేశించి, దవడక్రిందను కంఠము వెనుకను మెడలోతునను గల గ్రంథులను దాటి, జత్రువుల వెనుక సిరలలో గలియును. దానికి గుండెవంటి యంత్రము లేదు. నాళముల స్వీయసంకోచము, కవాటముల కాపుదల, కండరముల కదలిక, ఊపిరి రాకపోకలు, ఇవియే దానిని నడుపును.

ఈ దారి తెరచు విద్యను గూర్చి ఆమె చెప్పిన కథ యిది: 1932లో, ఫ్రాన్సులోని కాన్ పట్టణమున, డెన్మార్కు దేశీయులైన ఎమిల్ వోడర్, ఎస్ట్రిడ్ వోడర్ దంపతులు దీర్ఘకాలపు జలుబుతో బాధపడువారి మెడలలో వాచిన గ్రంథులను గమనించి, నాటి వైద్యులు తాకుటకు జంకిన ఆ గ్రంథులను మృదువుగా కదల్ప సాహసించి, 1936లో పారిసునందు తమ పద్ధతిని లోకమునకు జూపిరట.

తండ్రికి ఆ చికిత్స చేయబూనిన కుమార్తె వ్రేళ్లు మొదట చెక్కిళ్లపై నిలువలేదు. జత్రువుపై గుంటలో నిలిచినవి. చేలో నీరు నిలిచినప్పుడు మన డెల్టా రైతు ముందుగా మురుగుకాలువ ముఖము తెరచునట్లు, ఆమె తొలుత అడుగుదారి తెరచి, పిదప చెవిక్రిందనుండి మెడప్రక్కలను క్రిందికి, ఆ తరువాతనే ముక్కుప్రక్కలనుండి చెవులవైపునకు, చర్మము కొంచెము జరుగునంత తేలికగా చేయి నడిపెను. బలముగా నొక్కుట మేలనుకొనువారు పొరబడుదురు. శోషనాళములు చర్మము క్రిందనే యున్నవి, నొక్కినచో అవి మూసికొనును. నడుమ నడుమ పొట్ట ఉబ్బునట్లు దీర్ఘశ్వాసలు తీయించెను. గట్టు వెంబడి నడక నియమించెను. ఈ స్పర్శచికిత్సకు ఉప్పునీటి ప్రక్షాళనమునకున్నంత పరిశోధనాబలము లేదని ఆమెయే దాపఱికము లేక చెప్పెను. ఆ నిజాయితీ నాకెంతయు బ్రియమైనది.

ఒకనాడు పొరుగింటి యువకుడొకడు జ్వరముతో, కంటిచుట్టు వాపుతో, ఎదుటివస్తువు రెండుగా గనబడుచున్నదనుచు వచ్చి, నన్ను ఎరువడిగెను. ఒకరి ముక్కున నుంచిన చెంబు వేఱొకరికి ఈయరాదను మాట అటుండగా, అతని కన్ను జూచినంతనే ఆమె నన్ను గూటిలోనికి నెట్టి, మెడపై చేయియైన వేయక, ఆటో పిలిపించి, చెవి ముక్కు గొంతు వైద్యుని కడకు అతనిని తక్షణమే పంపెను.