ఒక నాణెపు చీటీకి టీకా తాత్పర్యము

మూలము

"టైబీరియస్. డినేరియస్. వెండి, 3.71 గ్రా. లుగ్డునమ్ టంకశాల. ముద్ర కొంచెము పక్కకు. చక్కని చాయ. చాలా బాగున్నది. పాత ఐరోపా సేకరణ నుండి."

అవతారిక

రోమను చక్రవర్తుల నాణెములు కొనువారు రెండు గ్రంథములు చదువుదురు. ఒకటి నాణెము, రెండవది దాని కింద వర్తకుడు పెట్టు చీటీ. మొదటిదానికి పండితులు సంపుటములకొలది వ్యాఖ్యలు వ్రాసిరి. రెండవది సొమ్ము చెల్లించుటకు ముందు తప్పక చదువవలసినదే అయినను ఇంతవరకు వ్యాఖ్యకు నోచుకొనలేదు. ఆ లోటు తీర్చుటకు, బాలబోధార్థము ఈ టీక.

ప్రతిపదార్థము

టైబీరియస్ = క్రీ.శ. 14 నుండి 37 వరకు రోము నేలిన రెండవ చక్రవర్తి. "దైవమైన అగస్టస్ కుమారుడు" అని నాణెముపై వ్రాయించుకొనెను. ఇందు కుమారుడనగా దత్తుడు. క్రీ.శ. 4లో, నలుబది దాటిన వయసున దత్తు వెళ్లెను. కన్నతండ్రి పేరు నాణెము అంచున పట్టలేదు.

డినేరియస్ = రోమనుల వెండి నాణెము. వెనుకవైపు రాజదండము, కొమ్మ పట్టి కూర్చున్న స్త్రీ. చక్రవర్తి తల్లి లివియా అని కొందరు, శాంతిదేవత అని కొందరు, శాంతిదేవత వేషమున లివియా అని ఇద్దరినీ నొప్పింపనివారు. కైసరుకు పన్ను చెల్లింపవచ్చునా అని అడిగినప్పుడు యేసు తెప్పించి చూపిన నాణెము ఇదియే అని వర్తకులందురు. సువార్తలో కైసరు అనియే గాని ఏ కైసరో లేదు. అయినను, విరివిగా దొరకు ఈ నాణెమునకు ధర పెరుగుటకు ఆ కథ చాలినది.

3.71 గ్రా. = త్రాసు చెప్పినది; కాన నమ్మదగినది. ఎందరు చక్రవర్తుల బొమ్మలున్నను డినేరియస్‌లన్నియు ఒకే తూకము తూగుట చూచి సింహళరాజు రోమనుల నిజాయితీని మెచ్చెనని రోమను గ్రంథకర్త ప్లినీ వ్రాసెను. ఆ మెప్పు ఎక్కువకాలము నిలువలేదు. క్రీ.శ. 64లో నీరో తూకమును తగ్గించి, వెండిపాలును తగ్గించెను.

లుగ్డునమ్ = నేడు ఫ్రాన్సులోని లియాన్ నగరము.

ముద్ర కొంచెము పక్కకు = వెండిబిళ్లను రెండు అచ్చుల నడుమ నుంచి సుత్తితో కొట్టెడివారు. చేయి తొణికినచో ముక్కు మిగిలి పేరు పోవును. "కొంచెము" అనగా పేరులో సగము లేదని గ్రహింపవలెను.

చక్కని చాయ = నల్లబడినది. వెండికంచము నల్లబడినచో మనవారు చింతపండు పెట్టి తోముదురు. నాణెములవారి శాస్త్రమున తోముట మహాపాతకము. దానికి ప్రాయశ్చిత్తము ధర తగ్గుటయే.

చాలా బాగున్నది = ఓ మోస్తరుగా అరిగినది. ఈ వర్తకమున "మంచిది" అన్నచో బొమ్మ పోల్చుకొనుట కష్టము. "బాగున్నది" అన్నచో ఎవరో తెలియును. "చాలా బాగున్నది" అన్నచో జుట్టు పాయలు కొన్ని కనబడును. ఒక్క మెప్పుమాటతో సరిపెట్టిన చీటీని కొత్తవారు దూరము నుండి నమస్కరింపవలెను.

పాత ఐరోపా సేకరణ నుండి = దీని అర్థము పై పద్ధతిలో తేలదు. కింద విచారింపబడుచున్నది.

విచారణ

శంక: సేకరణ పాతదైనచో మేలే గదా?

సమాధానము: మేలే. పురావస్తువుల అక్రమ రవాణాను అరికట్టుటకు 1970లో యునెస్కో ఒడంబడిక వచ్చినది. నాటికి ముందే భూమి నుండి బయటపడి చేతులు మారినవని కాగితముతో చూపగల నాణెములకు గౌరవమెక్కువ. కాని ఈ చీటీలో ఏ సేకరణయో, ఏ యేటిదో లేదు. తూకమునకు రెండు దశాంశ స్థానములు దొరకినవి. జన్మస్థలమునకు ఒక్క అక్షరము దొరకలేదు.

శంక: నాణెము ఎచట దొరకినదో తెలిసిన లాభమేమి? బొమ్మ అదే, వెండి అదే గదా?

సమాధానము: పుదుక్కోట ప్రాంతమున 1898లో 501 రోమను బంగారు నాణెములు ఒక్కచోట దొరకినవి. వానిలో అధికభాగమున చక్రవర్తి ముఖముపై ఉలితో పెట్టిన గాటు కలదు. గాటు పడిన నాణెము ఒక్కటే అంగడికి వచ్చినచో "దెబ్బతిన్నది" అని చీటీ వ్రాసి ధర తగ్గింతురు. వందలు ఒక్కచోట దొరకుటచే ప్రశ్న పుట్టినది. చెలామణి నుండి తొలగించుటకని కొందరు, లోపల రాగి ఉన్నదేమో చూచుటకని కొందరు, పరరాజు ముఖము గిట్టకని మరికొందరు. తగవు తీరలేదు. కాని తగవు పుట్టుటకే తోడి నాణెములు కావలెను.

అట్లే, భారతదేశము ఏటేటా 5 కోట్ల సెస్టర్సులు (రోమను సొమ్ము) లాగికొనుచున్నదని ప్లినీ వాపోయెను. ఆ మాటకు సాక్ష్యము నల్లగొండ జిల్లా అక్కనపల్లెలో దొరకినట్టి నిధులు. అచటి కుండలో వెండి డినేరియస్‌లు వేయికి పైగా ఉండెను.

శంక: అట్లయిన స్థలము తెలిసిన నాణెములన్నియు భద్రమా?

సమాధానము: కాదు. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలము దున్నుచుండగా చిన్న గుడి శిథిలముల కింద కుండలో రోమను బంగారు నాణెములు దొరకినవి. ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనా బొమ్మలు గలవి. రైతు వానిని పాతబంగారముగా అమ్మెను, చాలవరకు కరగిపోయినవి, ముప్పదికి పైగా నవాబు పరివారమునకు చేరినవి. కరగిన వాని ఊరు మనకు తెలియును. చీటీలోని డినేరియస్ కరగలేదు. దాని ఊరు కరగినది.

శంక: ఇది అసలుదేనా?

సమాధానము: జర్మనీ దేశస్థుడు బెకర్ (1772–1830) నకిలీ నాణెములు చేయుటలో ప్రసిద్ధుడు. వానిని ఇనుపరజనుతో పెట్టెలో పోసి, బండికి కట్టి తిప్పి, వార్ధక్యము తెప్పించెడివాడని చెప్పుదురు. నేడు బెకర్ నకిలీలను సేకరించువారును గలరు. వాని చీటీలలో చేసినవాని పేరు స్పష్టముగా నుండును. అసలువాని కన్న నకిలీ పుట్టుపూర్వములు మెరుగుగా తెలియుట ఈ శాస్త్రమునందలి విశేషము.

తాత్పర్యము

ఎంత తూగునో, ఎంత అరిగెనో, ఏ వన్నె తేలెనో వర్తకుడు దాచలేదు. అవి నాణెమును చూచి ఎవరైనను చెప్పగలరు. నాణెమును చూచి చెప్పలేనిది ఒక్కటే: ఎవరి మన్నులో, ఏ నాణెముల నడుమ ఉండెనో. దానినే చీటీ చెప్పవలెను; దానినే చెప్పలేదు.

ఫలశ్రుతి

ఈ చీటీని మొదటి నుండి చదువువారికి నాణెము లభించును. కడపటి వాక్యము నుండి వెనుకకు చదువువారికి ధనము మిగులును. ఏ సేకరణ, ఏ యేడు, ఏ కాగితము అని వర్తకునికి ఉత్తరము వ్రాయువారికి నాణెము నిలిపి ఉంచబడును. ప్రత్యుత్తరము మాత్రము రాదు.