భూకంపం పెట్టెలో మొలకలు

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

వదిన గారికి,

మొన్న ఫోన్లో "మా తమ్ముడి గొంతు నీరసంగా ఉందేంటమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగారు. ఆయన పక్కనే ఉన్నారు కనక "బాగానే ఉందండీ" అనేశాను. అసలు సంగతి పక్కన మనిషిని పెట్టుకుని చెప్పేది కాదు. అందుకే ఈ ఉత్తరం.

మీ తమ్ముడుగారు పొయ్యి ఎక్కినదేదీ తినడం లేదు. షుగరు బోర్డర్లో ఉంది, అన్నం కాస్త తగ్గించమని డాక్టరు చెప్పారు. ఈయన అన్నంతో పాటు అగ్గిని కూడా మానేశారు. దీన్ని ఇక్కడ రా ఫుడ్ అంటారు. 118 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి వేడి తగిలితే ఆహారంలో ఎంజైములు చచ్చిపోతాయట. అంటే మన లెక్కలో 48 డిగ్రీలు. మే నెలలో రెంటచింతలలో మిద్దె మీద ఆరేసిన గుమ్మడి వడియం ఈ లెక్కన దాదాపు వండేసిన వడియమే. "ఆ ఎంజైములు బతికున్నా కడుపులో యాసిడ్‌కి ఎలాగూ పోతాయి కదండీ" అన్నాను. నాకు శ్రద్ధ లేదన్నారు.

అత్తయ్యగారు గుర్తొచ్చారు. మంతెన సత్యనారాయణ రాజు గారు టీవీలో ఉప్పు మానండి అని చెబుతుంటే భక్తిగా వింటూనే, లేచి వెళ్లి పప్పులో ఉప్పు వేసొచ్చి మళ్లీ కూర్చునేవారు. వినడం వేరు, వండడం వేరు అని ఆవిడకి తెలుసు. కొడుక్కి ఆ విద్య అబ్బలేదు.

ఇంతవరకూ ఓర్చుకున్నాను వదినా. చిక్కల్లా భూకంపం పెట్టె దగ్గర వచ్చింది.

మేముండే ఊరి కింద నుంచి హేవర్డ్ ఫాల్ట్ అని ఒక పగులు పోతుంది. పక్క ఊళ్లో పాత మునిసిపల్ ఆఫీసు సరిగ్గా దాని మీదే కట్టారు. ఇప్పుడది ఖాళీ. పెద్ద భూకంపం లేని రోజుల్లో కూడా ఆ పగులు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు జరుగుతూనే ఉంటుంది. కొన్ని వీధుల్లో రోడ్డు అంచు సిమెంటు గట్టు విరిగి, ఒక ముక్క పక్కకి తప్పుకుని కనబడుతుంది. ఆఖరిసారి 1868 అక్టోబరు 21న గట్టిగా కదిలింది. నేలలో గోతులు తవ్వి పాత జాడలు చూసిన శాస్త్రవేత్తలు, ఆఖరి అయిదు పెద్ద భూకంపాలు సగటున 140 ఏళ్లకోసారి వచ్చాయని తేల్చారు. ఆ లెక్కన 2008లోనే రావాలి. అవనిగడ్డ బస్టాండులో ఆఖరి బస్సు కోసం కూర్చున్న జనంలాగే ఉంది ఇక్కడ మా పని. టైము దాటిపోయింది, రాదని ఎవరూ చెప్పరు.

అందుకని ఇంటింటా ఒక అత్యవసరం పెట్టె ఉంచుకోమంటారు. టార్చి, హ్యాండిల్ తిప్పితే పనిచేసే రేడియో, మందులు, ఈల, గ్యాసు వాసన వస్తే మీటరు దగ్గర కట్టేయడానికి పాన, గాజు పెంకులు గుచ్చుకోకుండా మంచం కింద ఒక జత బూట్లు. నీళ్లు మనిషికి రోజుకి ఒక గాలన్, అంటే 3.8 లీటర్లు, తాగడానికీ కడుక్కోవడానికీ కలిపి. కనీసం మూడు రోజులకి, ఇంట్లోనే ఉండేట్టయితే రెండు వారాలకి. ముగ్గురికి రెండు వారాలంటే 42 గాలన్లు. గ్యారేజీలోకి నీళ్లు వచ్చాయి, కారు వీధిలోకి వెళ్లింది.

ఇక తిండి. ఫ్రిజ్ అక్కర్లేనివి, వంట అక్కర్లేనివి, నీళ్లు ఎక్కువ పట్టనివి దాచుకోండి అని ప్రభుత్వం వాళ్ల కాగితంలో ఉంది. భూకంపానికి గ్యాసు గొట్టాలు తెగితే పొయ్యి ఎలాగూ వెలగదు. బొగ్గుల కుంపటి ఇంట్లో పెట్టుకుంటే విషవాయువు. ఆ "వంట అక్కర్లేనివి" అన్న చోట మీ తమ్ముడు వేలు పెట్టి, నా వైపు చూసిన చూపు మీరు చూడాల్సింది. అల్లుడి గొప్ప మామగారే ఒప్పుకున్నంత సంబరం. "ఊరంతా పొయ్యిల కోసం ఏడుస్తుంటే మనం హాయిగా భోంచేస్తాం" అన్నారు. పిచ్చి అనుకున్న దాంట్లో ఇంత తర్కం ఉండటం నాకూ ఆశ్చర్యమే.

పెట్టె నింపడం మొదలెట్టాక తెలిసింది. ప్రభుత్వానికి వంట అక్కర్లేనివంటే మన ఇంట్లో వండక్కర్లేనివని అర్థం. ఈయనకి, ఎక్కడా ఎవరూ వండనివి. టిన్నుల్లో శనగలు, కూరలు, సూపులు మొదటి రోజే పోయాయి. టిన్ను మూసి 121 డిగ్రీల్లో ఉడికిస్తారు కదా. ఓట్స్ పోయాయి, అణిచే ముందు ఆవిరి పట్టిస్తారట. వేరుశనగ వెన్న పోయింది, పల్లీలు వేయిస్తారు. ఖర్జూరం, కిస్‌మిస్, కాచని తేనె, చియా గింజలు నెగ్గాయి. "బాదం కూడా" అని ఒక సంచి తెచ్చారు, మీద "రా" అని పెద్ద అక్షరాలు.

ఆ బాదం కథ వినండి. 2001లోనూ 2004లోనూ బాదం తిని జనం సాల్మొనెల్లాతో జబ్బు పడ్డారు. దాంతో 2007 సెప్టెంబరు నుంచి కాలిఫోర్నియా బాదాన్ని క్రిములు చచ్చేట్టు శుద్ధి చేయకుండా ఇక్కడ దుకాణాల్లో అమ్మకూడదని రూలు. ఆవిరైనా పట్టిస్తారు, గ్యాసైనా పట్టిస్తారు. సంచి మీద మాత్రం "రా" అనే ఉంటుంది. ఈ సంగతి మావాడు స్కూలు ప్రాజెక్టు కోసం చదివి, భోజనాల దగ్గర వాళ్ల నాన్నకి వినిపించాడు. ఆయన నములుతున్న బాదం గింజ దవడకి ఆపుకుని చాలాసేపు ఆలోచించారు. రైతు తన తోటలో పండినవి నేరుగా కొనుక్కునేవాళ్లకి రోజుకి 100 పౌన్ల దాకా శుద్ధి చేయకుండా అమ్ముకోవచ్చని ఒక మినహాయింపు ఉందని కూడా వాడే చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది. ఆ శనివారం మోడెస్టో వైపు తోటలు పట్టుకుని తిరిగాం. బాదం కన్నా పెట్రోలు ఎక్కువైంది.

జీడిపప్పు సంగతికి మాత్రం నేను ఊరుకోలేదు. పలాసలో పుట్టినదాన్ని, నాకా చెప్పడం! పచ్చి జీడిపప్పు అని ఇక్కడ మూడింతల ధర పెట్టి అమ్ముతున్నారు. పిక్కని ఆవిరి పట్టించకుండానో కాల్చకుండానో కొట్టి చూడమనండి, ఆ జీడి రసానికి చేతులు బొబ్బలెక్కి వారం దాకా అన్నం కలుపుకోలేరు. మా వీధిలో పిక్కలు కొట్టే ఆడవాళ్లు బూడిద రాసుకుని కూర్చునేవాళ్లు. ఇదంతా చెప్పాక ఆయన సంచి మూతి కట్టి నా చేతికిచ్చారు. ఆ ఆదివారం ఉప్మాలోకి పనికొచ్చింది, నాకూ పిల్లాడికీ.

మిగిలింది మొలకలు. పెసలు, మెంతులు, అలసందలు పెట్టెలో ఉంచి, భూకంపం వచ్చిన రోజు నానబెడితే మూడో రోజుకి మొలకలు సిద్ధమని పథకం. మొదటి రెండు రోజులూ ఏం తింటామో పథకంలో లేదు. పూటపూటా కడగాలి కదా, నీళ్లేవీ అంటే జవాబు లేదు. రాజ్మా కూడా నానేస్తుంటే గిన్నె లాక్కున్నాను. పచ్చి రాజ్మా నాలుగు గింజలు తిన్నా వాంతులు పట్టుకుంటాయి, బాగా ఉడికిస్తేనే అందులో విషం విరుగుతుంది. అసలు మొలకెత్తే ఆ వెచ్చదనం, ఆ తడి క్రిములకీ అంతే ఇష్టమని ఇక్కడి ఆరోగ్యశాఖ వాళ్లే హెచ్చరిస్తుంటారు. కుళాయి రాని రోజుల్లో, ఫ్లష్ పనిచేయని రోజుల్లో, ముగ్గురికీ ఒకేసారి కడుపు చెడితే... ఇంతకన్నా రాయను, ఈ ఉత్తరం అన్నయ్యగారు కూడా చదువుతారు.

ఇక్కడి స్కూళ్లలో చాలా చోట్ల ఏడాది మొదట్లో ప్రతి పిల్లాడి పేరునా ఒక జిప్పు సంచి ఇమ్మంటారు. భూకంపం వచ్చి తల్లిదండ్రులు వెంటనే రాలేకపోతే తినడానికి చిరుతిండి, ఇంట్లోవాళ్ల ఫోటో, ధైర్యం చెప్తూ ఒక చీటీ. ఈసారి సంచి మీ తమ్ముడు సర్దారు. అక్టోబరులో భూకంపం డ్రిల్లు నాడు పిల్లలందరూ బల్లల కింద దూరి, తర్వాత సంచులు తెరిచి చూసుకున్నారట. మావాడి సంచిలో పెసల మొలకలు తీగలు సాగి, మా పెళ్లి ఫోటోని చుట్టుకుని, తర్వాత కుళ్లి నీరై ఉన్నాయి. చీటీ మాత్రం ప్లాస్టిక్ కవరులో పదిలం. టీచరు అర్థం చెప్పమంటే మావాడు క్లాసులో చదివి వినిపించాడు: "నాన్నా, కంగారు పడకు. ఒక్కొక్క ముద్ద ముప్పై రెండు సార్లు నమిలి తిను." పిల్లలు ఇప్పటికీ వాడు కనబడితే నములుతూ నవ్వుతున్నారట.

ఆ రాత్రే నాకు అత్తయ్యగారి అటక మీద డబ్బా గుర్తొచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి మీకు ఏడేళ్లు, ఈయన ఇంకా పుట్టలేదు. అత్తయ్యగారు ఆ రాత్రి సంగతి ఎన్నడూ ఎత్తేవారు కాదు. తెల్లారాక జరిగిందే చెప్పేవారు. చెరువుల్లో, నూతుల్లో సముద్రం నీళ్లు చేరి తాగడానికి చుక్క లేక, కొట్టుకొచ్చిన కొబ్బరికాయలు పగలగొట్టుకుని తాగామని. అప్పట్నుంచి ఆ డబ్బాలో అటుకులు, బెల్లం, అగ్గిపెట్టె, కొవ్వొత్తులు, పాలిథిన్ కవరులో రేషన్ కార్డు, పొలం కాగితాలు. ఏటా తుపాన్ల కాలం ముందు పాతవి దింపి కొత్తవి పోసేవారు. ఇక్కడి ప్రభుత్వం అచ్చేసిన జాబితాకీ, ఆ డబ్బాకీ తేడా ఈల ఒక్కటే.

"అటుకులూ బెల్లమే పెడదామండీ" అన్నాను. అటుకులంటే వడ్లు నానబెట్టి వేయించి దంచుతారు, బెల్లమంటే పెనంలో పొద్దంతా కాస్తారు, రెండూ కుదరవన్నారు. ఆ లెక్కన శ్రీరామనవమికి వడపప్పు ఒక్కటే నెగ్గుతుంది, పానకం పోతుంది, చలిమిడి పోతుంది. దేవుడి నైవేద్యానికే మూడో వంతు మార్కులు!

కొబ్బరికాయ మీద మాత్రం ఇద్దరికీ రాజీ కుదిరింది. వేడి తగల్లేదు, టిన్ను కత్తి అక్కర్లేదు, నీళ్లూ తిండీ రెండూ అందులోనే. ఒకటి కొట్టి చూద్దామంటే ఇంట్లో కొట్టడానికి రాయి లేదు. గోడలు చెక్కవి, వంటింటి గట్టు పగిలితే జీతం చాలదు. వీధిలోకెళ్లి రోడ్డు అంచు సిమెంటు గట్టు మీద కొట్టాను. ఎదురింటి చైనా పెద్దాయన కుక్కని తిప్పుతూ ఆగి, భూకంపం రాకుండా చేసే పూజా అని ఎంతో మర్యాదగా అడిగారు. ఈ కథంతా ఎక్కడ చెప్తాం, అవునన్నాను. మర్నాడు పొద్దున చూస్తే ఆ గట్టు మీద రెండు కమలాపళ్లు పెట్టి ఉన్నాయి. మీ తమ్ముడు అటూ ఇటూ చూసి వాటిని తెచ్చి పెట్టెలో వేశారు. పచ్చివే కదా.

చివరికి ఈయన పరీక్షలో నూటికి నూరు తెచ్చుకున్నది ఏమిటో తెలుసా? మీరు పోయిన వేసవిలో పంపిన ఆవకాయ. మామిడి ముక్క పచ్చిది, ఆవపిండి పచ్చిది, మెంతులు పచ్చివి, మిరపకాయలు ఎండలో ఎండినవి, నూనె గానుగది. నిప్పు ముఖం చూడని పదార్థం, ఏడాదైనా చెడదు, ఫ్రిజ్ అక్కర్లేదు. మరలో ఆడించినప్పుడు కారం చెయ్యి కాలేంత వేడెక్కుతుందని నేను చెప్పలేదు లెండి, సంసారం సాగాలి. జాడీ తీసుకెళ్లి టార్చి పక్కన పెట్టారు. అప్పుడు ప్రభుత్వం కాగితం మళ్లీ తీసి చూపించాను. దాహం వేయించే తిండి పెట్టెలో ఉంచొద్దని అందులో ఉంది. ఆయన నూటికి నూరు వేసినదాన్నే సర్కారు ఒప్పుకోలేదు.

అయినా జాడీ అక్కడే ఉంది, అంటే జాడీయే ఉంది. పెట్టె సరిచూసొస్తానని రోజూ రాత్రి కీరా దోసకాయ పట్టుకుని గ్యారేజీలోకి వెళ్తున్నారు. నిన్న మూత తీసి చూస్తే అడుగున నాలుగు వెల్లుల్లి రెబ్బలు మిగిలాయి. అందుకే మీకు రెండు పనులు చెప్తున్నాను. ఒకటి, ఫోన్ చేసి అమ్మ డబ్బా సంగతి మీ నోటితో ఒకసారి గుర్తు చేయండి. అక్క మాట కాదనలేరు, అటుకుల దాకా వస్తే చాలు. రెండోది, మన వీధి చివర మాస్టారి అల్లుడు వచ్చే నెల శాన్‌ఫ్రాన్సిస్కో వస్తున్నారు, సూట్‌కేసులో రెండు కేజీలకి చోటుందట. ఆవకాయ పంపండి. గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లు తొడగండి. పోయినసారి తెచ్చినాయన ఇంటర్వ్యూ చొక్కా మొత్తం ఎర్రనూనె అయింది. ఆయన మాతో ఇంకా సరిగ్గా మాట్లాడటం లేదు.

మీ మరదలు