కొత్త తమ్ముడికి స్టెరాయిడ్ పాఠం: సీనియర్లకు సూచనలు

గ్రూపులో కొత్త పేరు కనిపిస్తుంది. వయసు ఇరవై లోపే. అద్దం ముందు చొక్కా లేకుండా దిగిన ఫొటో ఒకటి, కింద ఒక ప్రశ్న: "అన్నా, ఎనిమిది నెలల నుంచి జిమ్ చేస్తున్నా. బాడీ రావట్లేదు. ఫస్ట్ సైకిల్‌కి ఏం వాడాలి?" సైకిల్ అంటే కొన్ని వారాలపాటు వరసగా స్టెరాయిడ్లు వేసుకునే విడత. మీరు ఇక్కడ పాతకాపు. కండలున్నాయి, మాటకు విలువుంది, మీరేం రాసినా కింద పది మంది చేతులు జోడించే బొమ్మలు పెడతారు. ఆ కుర్రాడు ఎదురుచూసేది మీ జవాబు కోసమే. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తెలియక చాలామంది సీనియర్లు తొందరపడి పనిని చెడగొట్టుకుంటున్నారు. అందుకే ఈ సూచనలు.

ముందుగా "వద్దు" అనండి. ఆశ్చర్యపోకండి. ఎత్తుకోగానే "వేసుకో తమ్ముడూ" అన్నవాడిని చూస్తే కుర్రాళ్లకు అనుమానం వస్తుంది, వీడు అమ్ముకునేవాడేమోనని. వద్దన్నవాడే పెద్దమనిషి. కాకపోతే ఆ వద్దు ఎలా ఉండాలంటే, వద్దు వద్దంటూనే విస్తరి ముందుకు జరిపినట్టుండాలి. "ఇరవై అయిదు దాటనీ", "ఇంకో రెండేళ్లు నేచురల్‌గా ఎత్తు", "ముందు తిండి సరిచేసుకో, ఆ తర్వాత చూద్దాం." గమనించారా, ఈ మూడింటిలోనూ వేసుకోవాలా వద్దా అన్న ప్రశ్నే లేదు. ఎప్పుడన్నదే మిగిలింది. కుర్రాడు తెలివైనవాడు, ఆ సంగతి పట్టేస్తాడు. మూడు వారాల తర్వాత అదే అద్దం, అదే గోడ రంగు, కింద మాత్రం వయసు ఇరవై ఆరు అని ఇంకో ఖాతా నుంచి ప్రశ్న వస్తే గుర్తుపట్టనట్టే ఉండండి. షరతు పెట్టింది మీరు, నెరవేర్చింది అతను.

అతను మొదట అడిగిన మాటకు మాత్రం జవాబివ్వకండి. ఎనిమిది నెలలకు బాడీ ఎందుకు రాలేదు? వచ్చింది. ఫొటోలో కనిపిస్తూనే ఉంది, ఎనిమిది నెలలకు ఎంత రావాలో అంతా వచ్చింది. కాకపోతే అతను పోల్చుకుంటున్నది ఫోన్‌లో చూసిన ఒళ్లతో. పచ్చి కాలేయం తింటూ ఆదిమానవుడిలా బతికితే తనలా అవుతారని చెప్పి వ్యాపారం చేసుకున్న అమెరికావాడు 'లివర్ కింగ్', ఈమెయిళ్లు బయటపడ్డాక 2022 డిసెంబరులో కెమెరా ముందు కూర్చుని స్టెరాయిడ్లు వాడానని ఒప్పుకున్నాడు. ఒప్పుకోనివాళ్ల వీడియోలు ఇంకా నడుస్తున్నాయి. మన కోడి రామ్మూర్తి నాయుడు ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్న రోజులకు, ఈ స్టెరాయిడ్లన్నిటికీ మూలమైన టెస్టోస్టిరాన్ అన్న పేరే పుట్టలేదు, దాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది 1935లో. ఆయన పాత ఫొటో చూపించి, మందు లేని బలవంతుడి ఒళ్లు ఇలా ఉంటుంది తమ్ముడూ, ఇందులో నరాలు తేలిన పొట్ట లేదు చూడు అన్నారనుకోండి, కుర్రాడు తేలికపడి వెళ్లిపోతాడు. మనకు ఒక మనిషి తగ్గిపోతాడు.

తర్వాతి మాట: "రీసెర్చ్ చేసుకో." దీనికి తిరుగులేదు. బాధ్యత మొత్తం అతని నెత్తిన పడుతుంది, మీకు పండితుడన్న పేరు మిగులుతుంది. ఎక్కడ రీసెర్చ్ చేయాలో కూడా మీరే చూపించండి, అంటే మన గ్రూపులోనే, పైన అతికించి ఉంచిన పాత పోస్టుల్లో. ఒకరిది ఒకరు చూసి రాసుకున్నవే అవన్నీ. ఈ సంప్రదాయం ఇవాళ్టిది కాదు. 1980ల ఆరంభంలో కాలిఫోర్నియాలో డాన్ డుషేన్ అనే ఆయన స్టెరాయిడ్ల మీద చిన్న పుస్తకం అచ్చువేసి పోస్టులో అమ్మాడు. ఆయన డాక్టరు కాదు. పుస్తకం మాత్రం జిమ్ములకు వేదమైంది. అంతకు ముందు, 1958లో సీబా కంపెనీ డయానబాల్ అనే స్టెరాయిడ్ మాత్రను తెచ్చింది. జాన్ జీగ్లర్ అనే అమెరికన్ డాక్టరు దాన్ని పెన్సిల్వేనియాలోని యార్క్‌లో వెయిట్‌లిఫ్టర్లకు ఇచ్చి చూశాడు. ఒక మాత్ర పనిచేస్తే నాలుగు నాలుగింతలు పనిచేస్తాయనుకుని వాళ్లు ఆయనకు చెప్పకుండా మోతాదు పెంచుకుంటూ పోయారు. తర్వాతి రోజుల్లో ఆయన ఈ పని మొదలుపెట్టినందుకు బాధపడ్డాడు. డయానబాల్ కథ గ్రూపులో తప్పక చెప్పండి, ఆయన బాధపడ్డ సంగతి దగ్గర ఆపేయండి.

అబద్ధాలాడాల్సిన పని లేదు. చాలామంది సీనియర్లకు ఈ కిటుకు తెలియదు. స్టెరాయిడ్లు పనిచేస్తాయి, ఆ ముక్క ధైర్యంగా చెప్పండి. 1996లో అమెరికాలో 43 మంది మగవాళ్ల మీద పది వారాల ప్రయోగం జరిగింది. టెస్టోస్టిరాన్ సూది తీసుకుని అసలు బరువులే ఎత్తనివాళ్లకు కొవ్వు కాని ఒంటి బరువు సుమారు 3 కిలోలు పెరిగింది. ఉత్త సూది వేయించుకుని చెమటోడ్చి బరువులెత్తినవాళ్లకు 2 కిలోలు. మందూ బరువులూ రెండూ ఉన్నవాళ్లకు 6. ఈ మూడు అంకెలు పెట్టి ఊరుకోండి. అది పది వారాలేనని, డాక్టర్ల కళ్ల ముందు, ఆస్పత్రి మందుతో, ఒకే ఒక్క హార్మోనుతో జరిగిందని, మూడేళ్లపాటు నాలుగు సీసాలు కలిపి పొడుచుకుంటే ఏమవుతుందో అందులో ఎవరూ చూడలేదని చెప్పబోకండి. నిజాన్ని సగం దగ్గర కోసి ఇస్తే అబద్ధం కన్నా బాగా పనిచేస్తుంది.

ఇక శరీరం సంగతి. ఇక్కడ కొంచెం ఓపిక కావాలి.

రక్తంలో టెస్టోస్టిరాన్ ఎంతుందో మెదడు, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎప్పుడూ లెక్క చూసుకుంటూ ఉంటాయి. సూదిలోంచి కావలసినదానికన్నా ఎక్కువ వచ్చి పడుతుంటే, ఇక చాలు అనుకుని వృషణాలకు పంపే సంకేతాన్ని ఆపేస్తాయి. పని లేక అవి కుంచించుకుపోతాయి. వీర్యకణాలు తగ్గుతాయి, కొందరిలో ఒక్కటీ మిగలదు. ఆపేశాక చాలామందిలో తిరిగి వస్తాయి, కానీ నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది, కొందరిలో పూర్తిగా పూర్వస్థితికి రావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ టెస్టోస్టిరాన్ సూదిని మగవాళ్లకు కుటుంబ నియంత్రణ సాధనంగా వారం వారం ఇచ్చి పరీక్షించింది, ఫలితాలు 1990లో అచ్చయ్యాయి. బాగానే పనిచేసింది. మగతనం పెరుగుతుందని కుర్రాడు డబ్బు పెట్టి కొనుక్కుంటున్నది ఆ మందునే. ఈ మాట మీ నోట రానివ్వకండి. నోరు జారితే "దానికి పీసీటీ ఉందిలే" అనండి.

పీసీటీ అంటే సైకిల్ అయ్యాక వేసుకునే మందుల వరస. దాని పేరు చెప్పగానే కుర్రాడి భయం సగం దిగిపోతుంది, విషానికి పక్కనే విరుగుడు పెట్టారు గదా అని. అందులో ఏమున్నాయో ఒకసారి మనలో మనం చూసుకుందాం. టమాక్సిఫెన్, రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లకు ఇచ్చే మాత్ర. సైకిల్ మధ్యలో ఈస్ట్రోజెన్ పెరగకుండా వేసుకునే అనాస్ట్రజోల్, అదీ రొమ్ము క్యాన్సర్ మందే. హెచ్‌సీజీ, గర్భం దాల్చినప్పుడు తయారయ్యే హార్మోను, గర్భిణుల మూత్రం నుంచి తీసేది. ఈ క్యాన్సర్ మందులెందుకంటే, ఎక్కువైన టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని శరీరం ఈస్ట్రోజెన్‌గా మార్చుకుంటుంది, కుర్రాడి ఛాతీలో రొమ్ము కణజాలం గడ్డ కడుతుంది. దాన్ని మనవాళ్లు ముద్దుగా 'గైనో' అంటారు. ఒకసారి గట్టిపడ్డాక చాలావరకు కత్తి పెట్టి తీయాల్సిందే. అంటే ఒక సూదికి మూడు తోకలు, ఆ తోకలన్నిటికీ ఎవరి చీటీ లేకుండా మోతాదు చెప్పేది మీరు. మీరేం చదివారని ఎవరూ అడగరు. చేతి చుట్టుకొలత చూస్తారు.

మందుల పేర్లు పొట్టి చేసి వాడండి. టెస్ట్, డెకా, ట్రెన్. ఈ ట్రెన్, అంటే ట్రెన్‌బలోన్, అమెరికాలో మాంసం కోసం పెంచే గొడ్లకు చెవి చర్మం కింద గుళికగా పెట్టేది. పూర్తి పేరు రాస్తే కుర్రాడు వెతికి చూస్తాడు, వెతికితే ఆవు బొమ్మ వస్తుంది.

"బ్లడ్స్ చేయించుకో" అని చెప్పడం మరవకండి. బాధ్యత గల సలహాల్లో దీని తర్వాతే ఏదైనా. కుర్రాడు ల్యాబ్ రిపోర్టు తెచ్చి గ్రూపులో పెడతాడు. మంచి కొలెస్ట్రాల్ అడుగంటి ఉంటుంది, హెమటోక్రిట్ పైకి ఎగబాకి రక్తం చిక్కబడి ఉంటుంది. మీరు "సైకిల్‌లో ఇది మామూలే" అనండి. అతను ప్రాణం కుదుటపడి వెళ్తాడు. రిపోర్టు ఉన్నది మామూలు కాని సంగతి తెలుసుకోవడానికే అన్నది అప్పటికి ఇద్దరూ మర్చిపోయి ఉంటారు. పైగా గుండె కండరం మందం ఎంతో, అది రక్తాన్ని ఎంత బాగా నెడుతోందో రక్తపరీక్షలో తెలియదు, ఎకో తీయించాలి. ఏళ్లుగా స్టెరాయిడ్లు వాడిన వెయిట్‌లిఫ్టర్ల గుండెలను, వాడని వెయిట్‌లిఫ్టర్ల గుండెలతో పోల్చి 2017లో అమెరికన్ డాక్టర్లు ప్రచురించారు. ప్రతి స్పందనకు గుండె తనలో నిండిన రక్తంలో బయటికి నెట్టేది వాడనివాళ్లలో సగటున 63 శాతం, వాడినవాళ్లలో 52. ఎకో అనే మాట గ్రూపులో ఎత్తితే ఆ రోజుకు సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ఎందుకొచ్చిన గొడవ?

సరుకు ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అందరి ముందూ అడిగితే మండిపడండి. "సోర్సులు అడగొద్దని రూల్ ఉంది కదా బ్రో!" ఆ తర్వాత వాట్సాప్‌లో పలకరించండి. టెస్టోస్టిరాన్ మన దేశంలో డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అందుకే చీటీ అడగనివాడి దగ్గర కొనాలి, అందుకే సీసా మీద రాసిందే లోపల ఉందని ఎవరూ చెప్పలేరు. హైదరాబాద్‌లో పోలీసులు పలుసార్లు జిమ్‌వాళ్లను పట్టుకున్నారు, దొరికినవాటిలో ఎక్కువగా వినిపించిన పేరు మెఫెంటర్మిన్. ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇచ్చాక పడిపోయిన బీపీని లేపడానికి వాడే సూది అది. స్టెరాయిడ్ కూడా కాదు. బరువు తేలిగ్గా లేస్తున్నట్టు అనిపిస్తుంది, గుండె పరుగెడుతుంది, అంతే. కొన్నవాళ్లలో ఎంతమందికి ఆ తేడా తెలుసో అడిగినవాడు లేడు.

చావుల ప్రస్తావన వస్తే తడబడకండి, జవాబులు సిద్ధంగా పెట్టుకోండి. సిడ్నీ కుర్రాడు అజీజ్ షవర్షియన్, 'జిజ్' అని లోకమంతా పిలుచుకున్నవాడు, 2011లో థాయ్‌లాండ్‌లో 22 ఏళ్లకు పోయాడు. అతనికి పుట్టుకతోనే గుండెలో లోపం ఉందట, కాబట్టి లెక్కలోకి రాదు. అమెరికన్ బాడీబిల్డర్ డల్లాస్ మెకార్వర్ 2017లో 26 ఏళ్లకు పోతే శవపరీక్షలో గుండె మామూలుకు రెట్టింపు మించి పెరిగి ఉంది, స్టెరాయిడ్లూ ఇతర హార్మోన్లూ చావుకు తోడ్పడ్డాయని రిపోర్టులోనే రాశారు. అతను మరీ ఎక్కువ వాడాడు, కాబట్టి అతనూ రాడు. ఒకడికి గుండె లోపం, ఒకడికి మోతాదు, ఇంకొకడికి వంశం. ఇలా ఒక్కొక్కరినీ తీసేస్తూ పోతే చివరికి స్టెరాయిడ్ల వల్ల పోయినవాడు ఒక్కడూ మిగలడు. డెన్మార్క్ వాళ్లతోనే చిక్కు. అక్కడ జిమ్ములకు వెళ్లి డోపింగ్ పరీక్షలు చేస్తారు. అలా దొరికిన మగవాళ్లను ఏళ్ల తరబడి లెక్కగట్టి చూస్తే, అదే వయసు మామూలు జనంతో పోలిస్తే మరణాల రేటు దాదాపు మూడు రెట్లు తేలింది. అందరినీ కలిపి మందగా లెక్కేస్తే ఒక్కొక్కరికీ సాకు చెప్పడం కుదరదు. ఆ దేశం ఊసెత్తకండి.

కొన్ని నెలలకు కుర్రాడే మళ్లీ వస్తాడు. సైకిల్ ఆపాక మంచం దిగబుద్ధి కావట్లేదని, పెళ్లిచూపులంటే భయమేస్తోందని, ఏడుపొస్తోందని రాస్తాడు. ఆపినప్పుడు ఒంట్లో సొంత హార్మోను లేకపోవడం వల్ల అలా జరుగుతుంది, అది అతని పిరికితనం కాదు. మీరు మాత్రం, తిండి సరిగా తినలేదనండి, నకిలీ సరుకు పడిందనండి, జెనెటిక్స్ అనండి. లేదంటే ఇంకో సైకిల్ మొదలుపెట్టమనండి, వారంలో హుషారు వచ్చేస్తుంది. ఈ చివరిది మన దగ్గర అన్నిటికన్నా ఎక్కువ పనిచేసిన సలహా. ఒకసారి వచ్చినవాణ్ని ఉండిపోయేలా చేసింది అదే. రెండోసారి కూడా కుప్పకూలినవాడు సిగ్గుపడి గ్రూపులోంచి తప్పుకుంటాడు, ఏమయ్యాడని ఎవరూ అడగరు. మిగిలేది బాగున్నవాళ్లే. కొత్తవాడు వచ్చి చూస్తే అందరూ బాగానే ఉన్నట్టు కనిపించేది అందుకే.

ఇన్ని చెప్పాక, పొరపాటున కూడా ఇవ్వకూడని సలహా ఒకటుంది. ఎండోక్రైనాలజిస్టు దగ్గరికి వెళ్లు తమ్ముడూ, వేసుకున్నవన్నీ, దాచకుండా, పేర్లతో సహా చెప్పు, సీసాలుంటే పట్టుకెళ్లు, గుండెకు ఎకో తీయించుకో, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి వెళ్లు అని మాత్రం రాయకండి. రాస్తే అతను వెళ్తాడు. నిజానికి, ఎవరైనా ఆ మాట చెబుతారేమోనని ఎదురుచూస్తూనే అతను ఆ ప్రశ్న పెట్టాడు.